అమెరికాలో స్టోర్ నడిపేవాళ్ళకి: కస్టమర్ ఇచ్చిన కూపన్ డబ్బు కంపెనీ నుంచి రాబట్టుకోవడం ఎలా

గ్యాస్ స్టేషనో చిన్న గ్రోసరీ స్టోరో కొనుక్కున్న మనవాళ్ళు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. కస్టమర్ టైడ్ డబ్బా మీద 2 డాలర్ల కూపన్ ఇచ్చి వెళ్ళిపోయాడు, నేను 2 డాలర్లు తగ్గించి అమ్మాను, ఇప్పుడు ఆ 2 డాలర్లు నాకెవరిస్తారు, ఎలా అడగాలి అని. కొంతమంది ఈ తలనొప్పి ఎందుకని "కూపన్లు తీసుకోం" అని బోర్డు పెట్టేస్తారు, ఇంకొంతమంది తీసుకుని డ్రాయర్ కింద పడేసి మర్చిపోతారు. బోర్డు పెట్టినవాళ్ళకి వ్యాపారం కొంచెం తగ్గుతుందేమో గానీ, డ్రాయర్లో పడేసినవాళ్ళు మాత్రం సొంత డబ్బు కంపెనీకి దానం చేసినట్టే.

మనూళ్ళో కిరాణా షాపాయన స్కీమ్ డబ్బుల కోసం డిస్ట్రిబ్యూటర్ దగ్గర క్లెయిమ్ పెట్టి క్రెడిట్ నోట్ తీసుకోడూ, ఇదీ అదే పని, కాకపోతే ఇక్కడ డిస్ట్రిబ్యూటర్ మధ్యలో ఉండడు, కూపన్ కాగితమే మీ క్లెయిమ్. ఆ కాగితానికి వెనకాల మీరు నిజంగా ఆ సరుకు కొన్నారు, నిజంగా అమ్మారు అని చూపించగలిగితేనే డబ్బు నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో దానంతట అదే అర్థమైపోతుంది.

## 1. ముందు ఏ కూపన్‌కి డబ్బొస్తుందో తేల్చుకోండి

కూపన్ అని కనిపించే ప్రతిదానికీ డబ్బు రాదు. నాలుగు రకాలు కనిపిస్తాయి.

మాన్యుఫాక్చరర్ కూపన్. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, జనరల్ మిల్స్ లాంటి కంపెనీ వేసింది. పైన "మాన్యుఫాక్చరర్ కూపన్" అని ఉంటుంది, ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, కింద చిన్నక్షరాల్లో ఎక్కడికి పంపాలో అడ్రస్ ఉంటుంది. డబ్బొచ్చేది దీనికే.

స్టోర్ కూపన్. మీ ఫ్లయర్లో మీరే వేసుకున్నది. ఇది మీరిచ్చే డిస్కౌంట్, ఎవరూ వెనక్కివ్వరు. వేరే స్టోర్ వాళ్ళ కూపన్ కూడా తీసుకుంటామని గొప్పగా బోర్డు పెడితే ఆ డిస్కౌంటూ మీ జేబులోంచే పోతుంది.

డబుల్ చేసిన కూపన్. 50 సెంట్ల కూపన్‌ని మీరు 1 డాలర్‌కి తీసుకుంటే కంపెనీ ఇచ్చేది 50 సెంట్లే, మిగతా సగం మీదే.

రిబేట్ యాప్‌లు. ఐబోటా లాంటివాటిలో కస్టమర్ మీ రసీదు ఫోటో తీసి అప్‌లోడ్ చేసుకుంటాడు, డబ్బు యాప్ నుంచి నేరుగా అతనికే పోతుంది. మీరు కౌంటర్ దగ్గర ఏమీ తగ్గించక్కర్లేదు, మీకు రావాల్సిందీ ఏమీ లేదు. కొత్త క్యాషియర్లు ఫోన్‌లో ఆఫర్ చూపించగానే కంగారుపడి తగ్గించేస్తుంటారు, ముందే చెప్పి పెట్టండి.

ఇక్కడే ఇంకో మాట. ఇండియన్ గ్రోసరీ మాత్రమే నడిపేవాళ్ళకి, అంటే పప్పులు, ఆవకాయ, సోనామసూరి బస్తాలు అమ్మేవాళ్ళకి ఈ గోల చాలా తక్కువ, ఎందుకంటే ఆ బ్రాండ్ల డిస్కౌంట్లు ఎక్కువగా డిస్ట్రిబ్యూటర్ ఇన్‌వాయిస్‌లోనే వస్తాయి. డిటర్జెంట్, డైపర్లు, సీరియల్, పెరుగు, సోడా, సిగరెట్లు అమ్మేవాళ్ళే దీన్ని జాగ్రత్తగా చదవాలి.

సిగరెట్ల సంగతి వేరేగా చెప్పాలి, గ్యాస్ స్టేషన్లలో కూపన్లు ఎక్కువగా వచ్చేది వీటిమీదే. న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాల్లో పొగాకు వస్తువుల మీద కూపన్ తీసుకోవడమే చట్టవిరుద్ధం, కూపన్ మీద ఎంత రాసున్నా సరే. ఇంకొన్ని ఊళ్ళలో కూడా సొంత రూల్స్ ఉన్నాయి కాబట్టి మీ సిటీ, కౌంటీ రూల్ కనుక్కోకుండా ఒక్కటి కూడా ముట్టుకోవద్దు.

## 2. చిన్నక్షరాలు ఒకసారి కూర్చుని చదవండి

ఒక కూపన్ చేతిలో పట్టుకుని చదవండి, ఐదు నిమిషాల పని. ఇవి కనిపిస్తాయి:

- ఎక్స్‌పైరీ డేట్
- ఏ సరుకు, ఏ సైజు, ఎన్ని కొనాలి
- ఒక కొనుగోలుకి ఒకటే, ఒకేసారి ఇలాంటివి నాలుగే అన్నట్టు లిమిట్లు
- రిటైలర్‌కి మాట: ఫేస్ వాల్యూ (కూపన్ మీద రాసున్న విలువ) ప్లస్ ఒక్కో కూపన్‌కి 8 సెంట్లు హ్యాండ్లింగ్ (మీ శ్రమకి) ఇస్తాం, మా రిడెంప్షన్ పాలసీ (కూపన్ డబ్బు చెల్లించే రూల్స్) ప్రకారం పంపితేనే
- కాపీ తీసినా, వేరేవాళ్ళకి బదిలీ చేసినా, చట్టం ఒప్పుకోని చోట వాడినా చెల్లదు అనే హెచ్చరిక
- పంపాల్సిన అడ్రస్

ఆ అడ్రస్ చూస్తే చాలామందికి వింతగా ఉంటుంది, కంపెనీ ఎక్కడో సిన్సినాటిలోనో మినియాపొలిస్‌లోనో ఉంటే కూపన్ మీద టెక్సస్‌లోని డెల్ రియోనో ఎల్ పాసోనో ఉంటుంది. అవి కూపన్లు లెక్కపెట్టే ఏజెంట్ల అడ్రస్‌లు. కంపెనీలు ఈ పని సొంతంగా చేసుకోవు, ఇన్‌మార్, ఎన్‌సీహెచ్ లాంటి ప్రాసెసింగ్ సంస్థలకి అప్పజెప్తాయి.

"పాలసీ ప్రకారం పంపితేనే" అన్న ముక్కని తేలిగ్గా తీసుకోవద్దు. కంపెనీ డబ్బు ఎగ్గొట్టినప్పుడు చూపించేది దాన్నే. మీ దగ్గర ఎక్కువ కూపన్లు వచ్చే నాలుగైదు కంపెనీల రిడెంప్షన్ పాలసీ తెప్పించుకుని ఫైల్లో పెట్టుకోండి, అడిగితే ఇస్తారు.

## 3. ఎవరి ద్వారా పంపాలి

మూడు దారులున్నాయి.

నేరుగా కంపెనీ ఏజెంట్‌కి. ఒక్కో కంపెనీ కూపన్లు విడదీసి, ఒక్కో అడ్రస్‌కి ఒక్కో కవరు. సిగరెట్ కంపెనీ కూపన్లు మాత్రమే వచ్చే స్టోర్‌కి ఇది చాలు. పది కంపెనీలవి వస్తే పోస్టేజీకే సరిపోతుంది.

రిటైలర్ క్లియరింగ్‌హౌస్‌కి. అన్ని కంపెనీలవీ కలిపి ఒకే డబ్బాలో పంపేస్తారు, వాళ్ళే విడదీసి, లెక్కపెట్టి, కంపెనీలకి బిల్లు వేసి, మీకు ఒకే చెక్కు గానీ బ్యాంక్ డిపాజిట్ గానీ ఇస్తారు. దానికి ఫీజు తీసుకుంటారు.

గ్రోసర్స్ అసోసియేషన్ గానీ హోల్‌సేలర్ గానీ. చాలా రాష్ట్రాల్లో ఇండిపెండెంట్ స్టోర్ల అసోసియేషన్లు మెంబర్లకి కూపన్ ప్రోగ్రామ్ నడుపుతాయి, కొందరు హోల్‌సేలర్లు కూడా కూపన్లు తీసుకుని మీ బిల్లులో క్రెడిట్ ఇస్తారు. చిన్న స్టోర్‌కి నా ఓటు దీనికే, ఎందుకంటే చార్జ్‌బ్యాక్ వచ్చినప్పుడు, అంటే కంపెనీ ఇవ్వనన్న డబ్బు మీ దగ్గర కోసుకున్నప్పుడు, ఫోన్ చేస్తే మనిషి దొరుకుతాడు.

ఎవరితో సైన్ చేసినా ముందు అడగాల్సినవి:

- ఫీజు కూపన్‌కి ఇంతనా, విలువలో శాతమా, నెలకి కనీస ఫీజు ఏమన్నా ఉందా
- 8 సెంట్ల హ్యాండ్లింగ్ మొత్తం నాకే వస్తుందా, అందులో మీరు ఎంత ఉంచుకుంటారు
- డబ్బు ఎన్ని రోజులకి
- కంపెనీ ఇవ్వనంటే ఆ డబ్బు ఎలా కోసుకుంటారు, అప్పీల్‌కి ఎన్ని రోజులిస్తారు
- డబ్బా దారిలో పోతే బాధ్యత ఎవరిది

రెండో ప్రశ్న చాలామంది అడగరు. ఫీజే లేదని చెప్పి హ్యాండ్లింగ్ మొత్తం వాళ్ళే ఉంచేసుకునే ఏర్పాట్లూ ఉంటాయి, అది తప్పు కాదు గానీ తెలిసి సంతకం పెట్టడం వేరు కదా.

## 4. అకౌంట్‌కి కావాల్సిన కాగితాలు

ఇక్కడ ఓపిక కావాలి, ఎందుకంటే ఊళ్ళో లేని స్టోర్ పేరు పెట్టి కూపన్లు పంపిన దొంగలు ఇంతకుముందు బోలెడంతమంది ఉన్నారు, అందుకని కొత్త స్టోర్ అంటే అనుమానంగానే చూస్తారు.

- బిజినెస్ లైసెన్స్, సేల్స్ టాక్స్ పర్మిట్
- ఫెడరల్ టాక్స్ ఐడీ, దానితోపాటు డబ్ల్యూ-9 ఫారం
- లీజ్ గానీ ఓనర్‌షిప్ కాగితం గానీ
- స్టోర్ ఎన్ని చదరపు అడుగులు, రిజిస్టర్లు ఎన్ని, ఏడాదికి అమ్మకాలు ఎంత
- ఎవరి దగ్గర సరుకు కొంటారు, ఆ హోల్‌సేలర్ల పేర్లు, అకౌంట్ నంబర్లు
- బయటి బోర్డు, లోపల షెల్ఫులు కనిపించే ఫోటోలు
- చెక్కు రాసేటప్పుడు ఏ పేరుమీద రాయాలో ఆ పేరు

అమ్మకాల లెక్క పెంచి రాయొద్దు, తగ్గించీ రాయొద్దు. తర్వాత మీ కూపన్ల సంఖ్యని ఈ లెక్కతోనే పోల్చి చూస్తారు. రెండు స్టోర్లుంటే రెండు అకౌంట్లు తీసుకోండి, ఎల్‌ఎల్‌సీ ఒకటే అయినా సరే. ఒక స్టోర్ కూపన్లు ఇంకో స్టోర్ డబ్బాలో వేస్తే ఆ స్టోర్ సైజుకి మించి కూపన్లు వచ్చినట్టు కనిపిస్తుంది, అక్కడ మొదలవుతుంది గొడవ.

## 5. అసలు పనంతా రిజిస్టర్ దగ్గరే

క్లియరింగ్‌హౌస్ ఎంత మంచిదైనా కౌంటర్ మీద తప్పుగా తీసుకున్న కూపన్‌ని అది బాగుచేయలేదు. ఈ భాగం మీ క్యాషియర్లతో కూర్చుని చదవండి.

రెండు బటన్లు పెట్టించండి. రిజిస్టర్‌లో మాన్యుఫాక్చరర్ కూపన్ ఒక కీ, స్టోర్ కూపన్ ఇంకో కీ. చాలా చిన్న స్టోర్లలో డిస్కౌంట్ అని ఒకే కీ ఉంటుంది, దాంతో నెలాఖరుకి మీకు రావాల్సిందెంతో, మీరు వదులుకున్నదెంతో చెప్పడం ఎవరివల్లా కాదు. టాక్స్ లెక్క కూడా దీనిమీదే ఆధారపడి ఉంటుంది, అది కింద చెప్తాను.

స్కాన్ అయితే చాలనుకోవద్దు. మాన్యుఫాక్చరర్ కూపన్ల మీద ఉండేది పాత సోడా సీసా మీదలాంటి బార్‌కోడ్ కాదు, 2011 నుంచి జీఎస్1 డేటాబార్ అనేది వాడుతున్నారు. అందులో కంపెనీ ప్రిఫిక్స్, ఆఫర్ కోడ్, ఎంత తగ్గించాలి, ఎన్ని కొనాలి, ఏ ఫ్యామిలీ సరుకు (ఆ కంపెనీ సరుకుల్లో ఏ గుంపు) అన్నీ ఉంటాయి. కానీ మీ రిజిస్టర్‌లో ఫ్యామిలీ కోడ్లు ఎక్కించి లేకపోతే అది కంపెనీ ప్రిఫిక్స్ ఒక్కటే సరిచూసి ఊరుకుంటుంది. ఉదాహరణకి 037000 అనేది ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ప్రిఫిక్స్, టైడ్ మీదా అదే, పాంపర్స్ మీదా అదే, క్రెస్ట్ పేస్ట్ మీదా అదే. అంటే పాంపర్స్ మీద 3 డాలర్ల కూపన్‌ని పేస్ట్ కొన్నాయన ఇచ్చినా రిజిస్టర్ బీప్‌మని తీసేసుకుంటుంది. కొందరు కస్టమర్లకి ఈ కిటుకు బాగా తెలుసు, కూపన్లు ఒక గుత్తిగా మడిచి చేతికిచ్చి స్కాన్ చేసేయ్ అంటారు. క్యాషియర్ ఒక్కొక్కటీ బొమ్మ చూసి కాదు, రాసింది చదివి తీసుకోవాలి, ఎందుకంటే బొమ్మలో ఎప్పుడూ ఖరీదైన పెద్ద ప్యాకే వేస్తారు.

ఎక్స్‌పైరీ డేట్ కూడా అంతే. బార్‌కోడ్‌లో డేట్ పెట్టడం కంపెనీ ఇష్టం, పెట్టకపోతే గడువు దాటిన కూపన్ కూడా స్కాన్ అవుతుంది. కళ్ళతో చూడాల్సిందే.

ఫ్రీ కూపన్ల మీద ధర రాయండి. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ, లేదా ఈ ప్యాకెట్ ఫ్రీ అన్నవాటి మీద ఖాళీ గడి ఉంటుంది, పక్కనే గరిష్ఠం ఇంత అని రాసుంటుంది. కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడే షెల్ఫ్ ధర రాసేయాలి. ఖాళీగా పంపితే ఎంతివ్వాలో వాళ్ళకి తెలియదు, మీకు రావాల్సినదానికన్నా తక్కువ వస్తుంది లేదా అసలు రాదు. గరిష్ఠం 4.99 అని ఉంటే మీ ధర 5.79 అయినా వచ్చేది 4.99 లోపే.

ధర కన్నా కూపన్ ఎక్కువుంటే? 99 సెంట్ల వస్తువు మీద 1 డాలర్ కూపన్. చిల్లర వెనక్కివ్వాలా వద్దా అన్నది మీ స్టోర్ పాలసీ, ముందే కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర అంటించండి. చాలా స్టోర్లు ధర వరకే కట్ చేస్తాయి.

డబ్ల్యూఐసీ (తల్లులకీ చిన్నపిల్లలకీ ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం) తీసుకునే స్టోర్ అయితే ఆ కార్డుతో కొనే తల్లులకి కూడా మిగతా కస్టమర్లతో సమానంగా కూపన్ తీసుకోవాలి, వాళ్ళకి వద్దనడం కుదరదు.

కౌంటర్ దగ్గర అంటించుకోడానికి:

- ఇది మాన్యుఫాక్చరర్ కూపనేనా
- డేట్ ఉందా, దాటలేదు కదా
- అదే సరుకు, అదే సైజు, అన్ని ప్యాకెట్లు బుట్టలో ఉన్నాయా
- ఒక వస్తువుకి ఒకే కూపనా
- లిమిట్ దాటలేదు కదా
- జిరాక్స్‌లా, మసకగా, ఒకే నంబర్‌తో రెండు కాగితాల్లా లేవు కదా
- ఫ్రీ కూపనైతే ధర రాశానా
- బీప్ అవ్వకపోతే చేత్తో కొట్టేముందు మేనేజర్‌ని పిలిచానా

## 6. రోజూ రాత్రి చేసే పని, నెలకోసారి చేసే పని

రాత్రి డ్రాయర్ మూసేటప్పుడు నోట్లు లెక్కపెట్టినట్టే కూపన్లూ లెక్కపెట్టాలి. రిజిస్టర్ రిపోర్ట్ మాన్యుఫాక్చరర్ కూపన్లు 14.50 అంటుంది, చేతిలో 13 డాలర్ల కూపన్లున్నాయి, అంటే 1.50 కాగితం ఎక్కడో పడిపోయింది లేదా క్యాషియర్ కూపన్ లేకుండానే కీ కొట్టి ఆ డబ్బు జేబులో వేసుకున్నాడు. చిన్న స్టోర్లలో చేతివాటం చాలాసార్లు ఈ కీ దగ్గరే మొదలవుతుంది, రోజూ సరిచూస్తున్నారని తెలిస్తే చాలు ఆగిపోతుంది.

రాత్రి పని ఇలా:

1. కూపన్ల మొత్తం, రిపోర్ట్ మొత్తం సరిచూడండి
2. తేడా ఉంటే ఆ షిఫ్ట్ పేరుతో రాసి పెట్టండి
3. ఆ రోజు కవరులో వేసి, మీద తేదీ, మొత్తం రాయండి
4. కవరు సేఫ్‌లో పెట్టండి, ఆ కాగితాలు డబ్బుతో సమానం

నెలకోసారి, కూపన్లు ఎక్కువొచ్చే స్టోరైతే వారానికోసారి:

1. కవర్లన్నీ తీసి స్టోర్ కూపన్లు, వేరే స్టోర్ల కూపన్లు, రసీదు ముక్కలు ఏరేయండి
2. చదును చేయండి, స్టేపుల్ వద్దు, టేపు వద్దు, జిగురు వద్దు, బార్‌కోడ్ మీద పెన్ను గీతలు వద్దు
3. ఫ్రీ కూపన్లు విడిగా ఒక రబ్బర్‌బ్యాండ్
4. క్లియరింగ్‌హౌస్ ఇచ్చిన ఫారంలో స్టోర్ నంబర్, తేదీ, మీ లెక్క ప్రకారం ఎన్ని, ఎంత
5. ఫారం ఫోటో, కట్టల ఫోటో తీసుకోండి
6. గట్టి డబ్బా, ట్రాకింగ్ ఉన్న షిప్‌మెంట్, ట్రాకింగ్ నంబర్ అదే ఫైల్లో

ఆలస్యం చేయొద్దు. కస్టమర్‌కి ఎక్స్‌పైరీ అయిపోయాక కూడా స్టోర్ పంపుకోడానికి కంపెనీలు కొంత గడువిస్తాయి, అది కంపెనీని బట్టి మారుతుంది, దాటితే మాత్రం నిజమైన కూపనైనా చిత్తుకాగితమే. దసరాకి ఇండియా వెళ్ళొచ్చాక పంపుదాంలే అని మూడు నెలలవి పోగేసేవాళ్ళున్నారు, వద్దు.

## 7. పంపాక ఏం జరుగుతుంది, ఎంతొస్తుంది

డబ్బా చేరాక వాళ్ళు కూపన్లు స్కాన్ చేస్తారు, స్కాన్ కానివి మనుషులు చూసి విడదీస్తారు, కంపెనీలవారీగా కట్టలు కట్టి కంపెనీ ఏజెంట్‌కి బిల్లుతో సహా పంపుతారు, ఆ ఏజెంట్ మళ్ళీ లెక్కపెట్టుకుని కంపెనీకి ఓకే చెప్తాడు. అంటే మీ కాగితాన్ని రెండుసార్లు, రెండు వేర్వేరు పక్షాలు చూస్తాయి. మీకు మాత్రం క్లియరింగ్‌హౌస్ సాధారణంగా తన లెక్క ప్రకారం ముందు డబ్బిచ్చేసి తర్వాత కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటుంది. అందుకే మీ అకౌంట్‌లో పడిన డబ్బు ఇంకా పూర్తిగా మీది కాదు.

లెక్క చూద్దాం. 200 కూపన్లు, సగటున 1.25 డాలర్లు అనుకోండి. ఫేస్ వాల్యూ 250 డాలర్లు. హ్యాండ్లింగ్ 200 సార్లు 8 సెంట్లు, అంటే 16 డాలర్లు. మొత్తం 266. ఇందులోంచి ప్రాసెసింగ్ ఫీజు, షిప్పింగ్ పోతాయి. షిప్పింగ్ 12 డాలర్లైతే హ్యాండ్లింగ్ దాదాపు దానికే సరిపోయింది. కూపన్ల మీద లాభం చూసుకుందాం అనుకునేవాళ్ళకి ఈ లెక్క సమాధానం, ఇక్కడ లాభం లేదు, మీ 250 నష్టపోకుండా వెనక్కి తెచ్చుకోవడమే పని. లాభం కస్టమర్ మళ్ళీ మీ స్టోర్‌కే రావడంలో ఉంది.

## 8. చార్జ్‌బ్యాక్ వస్తే

కంపెనీ ఇవ్వనంటే ఆ మొత్తం మీ తర్వాతి చెక్కులోంచి కోసేస్తారు. స్టేట్‌మెంట్‌లో పక్కనే ఒక కారణం కోడ్ ఉంటుంది. తెలిసినాయన ఒకాయనకి వచ్చిన షీట్ చూశాను, ఒకే కంపెనీవి వరసగా ఓ పేజీడు లైన్లు, అన్నిటి పక్కనా ఒకే కోడ్, అంటే ఒక్కో కూపన్ చూసి కాదు మొత్తం కట్టనే తిరగ్గొట్టారు. కారణం ఏంటంటే అన్నీ ఒకే వారం పేపర్లోవి, అంచులు ఒకేలా కత్తిరించినవి, ఒక్క మడత కూడా లేదు. నిజంగా కస్టమర్ల పర్సుల్లోంచి వచ్చిన కూపన్లు అలా ఉండవు, నలిగి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో కత్తెర దెబ్బ, ఒక్కో తేదీ. ఎవరో కస్టమర్ పేపర్ ఇన్సర్ట్‌లు (పేపర్ మధ్యలో పెట్టి ఇచ్చే కూపన్ షీట్లు) గుట్టగా తెచ్చి అన్నీ ఒకేసారి వాడేశాడు, క్యాషియర్ లిమిట్ చూడలేదు.

ఎక్కువగా వచ్చే కారణాలు, ఏం చేయాలి:

సరుకు కొన్న ఆధారం లేదు. 300 పాంపర్స్ కూపన్లు పంపారు, మీ హోల్‌సేలర్ దగ్గర 60 ప్యాకెట్లే కొన్నారు. నిజంగా వేరేచోట కొనుంటే ఆ ఇన్‌వాయిస్‌లు పంపండి. మనవాళ్ళు చాలామంది కాస్ట్‌కోలోనో సామ్స్‌లోనో తెచ్చి షెల్ఫులో పెడతారు, ఆ రసీదులు పారేస్తారు, వేడికి అక్షరాలు చెరిగిపోతాయి. తెచ్చినరోజే ఫోటో తీసి ఫోల్డర్‌లో వేయడం అలవాటు చేసుకోండి.

గడువు దాటింది. దీనికి అప్పీల్ దండగ. నెలకోసారి పంపడమే మందు.

కంపెనీ మీ స్టోర్‌ని గుర్తించలేదు. పేరు మారినా, అడ్రస్‌లో సూట్ నంబర్ తప్పినా ఇలా వస్తుంది. లైసెన్స్ కాపీ, ఫోటోలు పంపితే సర్దుకుంటుంది.

సంఖ్య అనుమానంగా ఉంది. స్టోర్ సైజుకి మించి కూపన్లు. ఆ నెల మీరు డబుల్ కూపన్ సేల్ పెట్టుంటే ఫ్లయర్ కాపీ, ఆ రోజుల రిజిస్టర్ రిపోర్ట్ పంపండి.

లెక్క తేడా. మీరు 412 అన్నారు, వాళ్ళు 397 అన్నారు. 15 కూపన్ల కోసం పోట్లాడటం అనవసరం, ప్రతి నెలా ఇదే జరుగుతుంటే మాత్రం అడగాలి.

అప్పీల్‌కి గడువుంటుంది, స్టేట్‌మెంట్ వచ్చిన రోజే చూసుకోండి. ఉత్తరం పొడుగ్గా రాయక్కర్లేదు, స్టోర్ నంబర్, చార్జ్‌బ్యాక్ తేదీ, మొత్తం, జతచేసిన ఇన్‌వాయిస్‌ల పట్టిక, అంతే. కోపం చూపించొద్దు, చదివేది క్లర్క్, ఆవిడకి కావాల్సింది కాగితం.

## 9. దొంగ కూపన్లు

ఇంట్లో ప్రింట్ చేసుకునే కూపన్లకి ఒక్కోదానికి ఒక్కో సీరియల్ నంబర్ ఉంటుంది. జిరాక్స్ తీస్తే అన్నిటికీ అదే నంబర్, మొదటిదానికి డబ్బొస్తుంది, మిగతావి పోతాయి. ప్రింట్ కూపన్‌లో వస్తువు పూర్తిగా ఫ్రీ అని ఉంటే అనుమానించండి, కంపెనీలు ఫ్రీ కూపన్లు సాధారణంగా మంచి కాగితం మీద వేసి పోస్టులో పంపుతాయి.

ఇది చిల్లర దొంగతనం అనుకోవద్దు. వర్జీనియా బీచ్‌లో ఒకావిడ ఇంట్లో కూపన్లు తయారుచేసి అమ్మినందుకు 2021లో 12 ఏళ్ళ జైలు పడింది, ఆ కూపన్లవల్ల స్టోర్లకీ కంపెనీలకీ జరిగిన నష్టం 31 మిలియన్ డాలర్ల పైన. అవి రిజిస్టర్‌లో చక్కగా స్కాన్ అయ్యేవి కూడా. కూపన్ ఇన్ఫర్మేషన్ కార్పొరేషన్ అనే సంస్థ బయటపడ్డ దొంగ కూపన్ల బొమ్మలు తన సైట్‌లో పెడుతుంది, నెలకోసారి చూసి కొత్తవి ప్రింట్ తీసి కౌంటర్ లోపలివైపు అంటించండి.

ఇంకో రకం మనుషులు వస్తారు, స్టోర్ ఓనర్ దగ్గరికే. మా దగ్గర కూపన్లు గుట్టగా ఉన్నాయి, మీ డబ్బాలో కలిపి పంపండి, వచ్చిందాంట్లో సగం సగం అంటారు. తియ్యగా మాట్లాడతారు, ఒక్కోసారి మనవాళ్ళే అయ్యుంటారు. సరుకు అమ్మకుండా కూపన్ పంపడం మోసం, పోస్టులో పంపితే ఫెడరల్ మెయిల్ ఫ్రాడ్ కేసు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళకీ వీసా మీద ఉన్నవాళ్ళకీ ఇలాంటి కేసు జైలుతో ఆగదు, ఇమిగ్రేషన్ దాకా పోతుంది.

## 10. పుస్తకాల్లో ఎలా రాయాలి, టాక్స్ ఎంత మీద

10 డాలర్ల డిటర్జెంట్, 2 డాలర్ల మాన్యుఫాక్చరర్ కూపన్. కస్టమర్ ఇచ్చింది 8. మీ సేల్ మాత్రం 10, అందులో 8 నగదు, 2 రావాల్సిన బాకీ. డబ్బొచ్చాక బాకీ తీసేయండి. 8 సెంట్లు వేరే ఆదాయం కింద, క్లియరింగ్‌హౌస్ ఫీజు ఖర్చు కింద. సేల్ 8 అని రాసి, తర్వాత వచ్చిన చెక్కుని మళ్ళీ ఆదాయంగా రాసి, మధ్యలో లెక్క కుదరక అకౌంటెంట్‌తో గొడవపడేవాళ్ళు చాలామంది.

సేల్స్ టాక్స్ దగ్గర రెండు కీల సంగతి వస్తుంది. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో మాన్యుఫాక్చరర్ కూపనైతే టాక్స్ 10 మీద పడుతుంది, ఎందుకంటే మిగతా 2 మీకు కంపెనీ నుంచి వస్తోంది. మీ సొంత స్టోర్ కూపనైతే టాక్స్ 8 మీదే. అన్ని రాష్ట్రాల్లో ఒకే పద్ధతి లేదు, రిజిస్టర్ సెట్ చేయించేముందు మీ సీపీఏని (టాక్స్ చూసే అకౌంటెంట్‌ని) ఒక్క మాట అడగండి. ఆడిట్‌లో మూడేళ్ళ తేడా ఒకేసారి కట్టమంటే కూపన్లమీద వచ్చిందంతా ఊడ్చుకుపోతుంది.

## 11. డిజిటల్ కూపన్లు

పెద్ద చెయిన్ల యాప్‌లో కూపన్ క్లిక్ చేసి ఫోన్ నంబర్ కొడితే తగ్గుతుంది చూశారుగా, అక్కడ కాగితమే ఉండదు, రిజిస్టర్ నుంచి డేటా ఫైల్ పోతుంది, దానిమీదే డబ్బొస్తుంది. అది చేయాలంటే లాయల్టీ ప్లాట్‌ఫామ్ కావాలి, ఒక్క స్టోర్‌కి ఖర్చు గిట్టుబాటు కాదు, హోల్‌సేలర్ ఇస్తుంటే చేరండి.

కొత్తగా వస్తున్నది 8112 కోడ్ కూపన్లు, కూపన్ బ్యూరో అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపే పద్ధతి. పాత డేటాబార్‌ది 8110. ఈ కొత్తదాంట్లో ప్రతి కూపన్‌కీ సొంత సీరియల్ ఉంటుంది, స్కాన్ చేసిన క్షణంలోనే అది నిజమైనదా, ఇంతకుముందు వాడేశారా అని ఆన్‌లైన్‌లో చూసుకుంటుంది, వాడగానే డేటాబేస్‌లో చెల్లిపోతుంది. జిరాక్స్ గోల ఉండదు. కానీ మీ పీఓఎస్ (రిజిస్టర్ సిస్టమ్) దానికి కనెక్ట్ అయ్యుండాలి, కాకపోతే ఫోన్ స్క్రీన్ చూసి జాలిపడి చేత్తో తగ్గించొద్దు, డేటాబేస్‌లో రికార్డ్ కాని దానికి మీరు చూపించే ఆధారం ఏమీ ఉండదు. కొత్త పీఓఎస్ కొనేవాళ్ళు 8112 పనిచేస్తుందా అని అడిగి, అవునంటే కాంట్రాక్ట్‌లో రాయించుకోండి.

## 12. స్టోర్ కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

పాత ఓనర్ కూపన్ అకౌంట్ మీకు బదిలీ కాదు, కొత్తది తెరవాల్సిందే. అది వచ్చేలోపు తీసుకున్న కూపన్లు పాతాయన నంబర్ మీద పంపొద్దు, డబ్బు ఆయనకి పోతుంది, తిరిగి అడగడం ఇబ్బంది. క్లోజింగ్ రోజున రెండు పక్షాలూ కలిసి డ్రాయర్‌లో, సేఫ్‌లో ఉన్న కూపన్లు లెక్కపెట్టి ఎవరివో కాగితం మీద రాసుకోండి.

అమ్మేవాళ్ళకి చూసుకోవాల్సింది చార్జ్‌బ్యాక్‌లు, అవి నెలల తర్వాత కూడా వస్తాయి. క్లియరింగ్‌హౌస్‌కి ముందే చెప్పి ఆఖరి స్టేట్‌మెంట్ ఏ అడ్రస్‌కి రావాలో మార్పించుకోండి, ఆ బ్యాంక్ అకౌంట్ వెంటనే మూసేయకండి, రెండుమూడేళ్ళ ఇన్‌వాయిస్‌ల ఫోల్డర్ కొన్నాయనకి ఇచ్చేసేముందు ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.